ఊరి పక్కన కాదు, ఊళ్ళో

మొన్న సంక్రాంతి సెలవులకు మా ఇంటికి ఒక మిత్రకుటుంబం వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. ఐదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. హైదరాబాదులో పన్నెండో అంతస్తులో కాపురం. వచ్చిననాటి సాయంత్రం ఆ పిల్లలిద్దరూ మా పెరట్లో మట్టిలో పొర్లి, పక్కింటివాళ్ళ మేకపిల్ల వెంటపడి, అలిసిపోయి ఎనిమిది గంటలకే నిద్రపోయారు. ఫోను అడగకుండా, పేచీ పెట్టకుండా వాళ్ళలా పడుకోవడం తల్లిదండ్రులకు అద్భుతంగా తోచింది. ఆ రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు ఆవిడ మెల్లగా అడిగింది, "మేమూ ఇటువైపు వచ్చేద్దామనుకుంటున్నామండీ. పిల్లల కోసమే. మీరేమంటారు?"

నేను వెంటనే "రండి" అనలేకపోయాను. "వద్దు" అనడానికీ నోరు రాలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే ప్రశ్న నేనొక పెద్దమనిషిని అడిగితే, "భేషుగ్గా రండమ్మా, గాలి బాగుంటుంది" అన్నారాయన. గాలి బాగుండేమాట నిజమే. కాని ఆ జవాబు చాలదని ఇక్కడికొచ్చాక తెలిసింది. నా జవాబు కాస్త పొడవైనది. ఆ రాత్రి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారని నా నమ్మకం.

మేము 2018 వేసవిలో మియాపూరులోని ఫ్లాటు వదిలి, శంకరపల్లికీ చేవెళ్ళకూ నడుమ ఉన్న ఒక చిన్న ఊరికి వచ్చాం. అప్పటికి మావాడికి ఆరేళ్ళు, పాపకు రెండు. మావారి ఉద్యోగం గచ్చిబౌలిలో. నాది ఇంట్లో కూర్చుని చేసుకునే అనువాదాల పని. ఎందుకు వచ్చారని అడిగినవాళ్ళకల్లా ఒకటే సమాధానం చెప్పేవాళ్ళం: పిల్లల కోసం. అందులో అబద్ధం లేదు. మా ఫ్లాటు వరండాలో "పిల్లలు పరుగెత్తరాదు" అని ఒక కాగితం అతికించి ఉండేది. కింద అరవై కార్లు పెట్టుకునే చోటుండేది గాని, నలుగురు పిల్లలు బంతి ఆడుకునే చోటు ఉండేది కాదు. మావాడు పరుగెత్తాలనిపించినప్పుడు ముందు నా మొహం కేసి చూసేవాడు. పిల్లవాడు పరుగుకు అనుమతి అడగడం నాకు భరించరానిదైపోయింది.

దానికి తోడు మేమిద్దరం 'రైలుబడి' చదివి ఉన్నాం. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ఆ పుస్తకం మన తెలుగు ఇళ్ళలో ఎందరు తల్లిదండ్రుల చేత కలలు కనిపించిందో! పాత రైలుపెట్టెల్లో తరగతులు, చెట్లెక్కే పిల్లలు, వాళ్ళ మాట వినే ప్రధానోపాధ్యాయుడు. ఊరికి వెళ్తే మన పిల్లలకూ అలాంటిదేదో దొరుకుతుందని మేము అనుకున్నాం. ఒక సంగతి మాత్రం అప్పుడు గమనించలేదు. ఆ తొమోయె బడి ఏ పల్లెటూళ్ళోనూ లేదు. సాక్షాత్తు తోక్యో నగరంలోనే ఉండేది, 1945లో బాంబుదాడుల్లో కాలిపోయేదాకా. ఆ పిల్ల జీవితాన్ని మార్చినవి అక్కడి చెట్లు కావు. మొదటిరోజున నాలుగు గంటలసేపు కూర్చుని ఆ పిల్ల చెప్పిందంతా విన్న కొబయాషి అనే ఒక మనిషి. ఈ తేడా నాకు అర్థమవడానికి మూడేళ్ళు పట్టింది. నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఈ తేడాలోనే ఉంది.

మొదటి ఏడాది ఎలా గడిచిందో చెబుతాను. ఊరికి అరకిలోమీటరు ఇవతల, రోడ్డు వారగా కొన్న స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. అందరూ చెప్పినట్టే ముందు ప్రహరీ కట్టాం. ఆరడుగుల గోడ, ఇనుప గేటు. తర్వాత బోరు. ఆరువందల అడుగులు దాటాక గాని తడి తగల్లేదు. ఆ తర్వాత ఇల్లు. మామిడి, జామ, సపోటా మొక్కలు పెట్టాం. ఉయ్యాల కట్టాం. మావాణ్ణి నగరపు అంచున ఉన్న ఒక పేరున్న బడిలోనే ఉంచాం. పొద్దున్న ఆరూ యాభైకి బస్సు. సాయంత్రం ఐదుంబావుకి తిరిగి వచ్చేది. రోజుకు రెండున్నర మూడు గంటలు బస్సులోనే. వచ్చేసరికి వాడికి అన్నం తినే ఓపిక కూడా ఉండేది కాదు. పల్లె గాలి కోసం తీసుకువచ్చిన పిల్లవాడు పగలంతా నగరంలోనూ, మిగిలిన పొద్దు బస్సులోనూ గడిపి, రాత్రి పడుకోవడానికి మాత్రం పల్లెకు వచ్చేవాడు. ఆదివారం నగరం నుంచి వాడి స్నేహితులు వస్తే ఉయ్యాల ఊగేవాడు. రాకపోతే గేటు ఊచల్లోంచి రోడ్డు చూసేవాడు.

2019 దసరా రోజులు. సద్దుల బతుకమ్మనాడు సాయంత్రం ఊళ్ళో ఆడవాళ్ళు, ఆడపిల్లలు తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మల్ని ఎత్తుకుని మా గోడ పక్కనుంచే చెరువుకు వెళ్తున్నారు. మేము గేటు లోపల నిలబడి చూస్తున్నాం. మావాడు నా కొంగు లాగి, "అమ్మా, వాళ్ళ బతుకమ్మ దగ్గరికి మనం వెళ్ళొచ్చా?" అన్నాడు. ఊరికి వచ్చి పద్ధెనిమిది నెలలవుతోంది. ఏడేళ్ళ పిల్లవాడి నోట 'వాళ్ళ' అన్న మాట ఎంత సహజంగా వచ్చిందో! అక్కడ పరుగెత్తడానికి అనుమతి అడిగినవాడు ఇక్కడ ఊళ్ళోకి వెళ్ళడానికి అడుగుతున్నాడు. మేము చోటు మార్చాం గాని, వాడి చుట్టూ ఉన్న గోడను కూడా మూటగట్టి మాతోపాటు తెచ్చుకున్నాం. నా అభిప్రాయమల్లా అక్కడినుంచే మొదలయింది: పిల్లలతో పల్లెకు వెళ్ళదలచినవాళ్ళు ఊరి పక్కన ఉండడానికి వెళ్ళకూడదు, ఊళ్ళో ఉండడానికి వెళ్ళాలి. రెండోది చేతకాకపోతే నగరంలో ఒక మంచి పార్కు పక్కన ఇల్లు చూసుకోవడమే మేలు. పిల్లలకైనా, ఊరికైనా.

ఇది కొంచెం కటువుగా ఉందని తెలుసు. అందుకే కారణాలు చెప్పాలి.

మనం నగరం నుంచి వచ్చేటప్పుడు పల్లెను ఒక దృశ్యంగా చూస్తాం. చెట్లు, చెరువు, నక్షత్రాలు, స్వచ్ఛమైన పాలు. ఆ దృశ్యం పిల్లలకు పది రోజుల్లో అలవాటైపోతుంది. అటు తర్వాత వాళ్ళకు కావలసింది మనుషులే. తోటి పిల్లలు, పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళు, కొట్టుకు వెళ్తే "మీ అమ్మకు చెప్తా" అని బెదిరించే కిరాణా కొట్టాయన. మామిడిచెట్టు ఎక్కడం ఎవరో నేర్పాలి. ఏ కొమ్మ విరుగుతుందో, ఏ కుంటలో ఊబి ఉందో, ఏ కుక్క కరుస్తుందో చెప్పేవాళ్ళుండాలి. అవి తల్లిదండ్రులు నేర్పగలిగేవి కావు, మనకే రావు కాబట్టి. ప్రకృతి ఒడిలో పిల్లలు పెరుగుతారని మనం రాసుకుంటాం గాని, ఆ ఒడికి దారి చూపించేవాళ్ళు ఆ ఊరి పిల్లలే.

ఇక పల్లె మనం ఊహించుకున్నంత మెత్తనిది కాదు. మా పక్క చేలో పత్తి. మందు కొట్టే రోజుల్లో కిటికీలన్నీ మూసుకుని కూర్చుంటాం. అప్పుడు మియాపూరు పొగ కంటె ఇక్కడి గాలి మంచిదని ఒట్టు పెట్టి చెప్పలేను. కిలోమీటరు దూరంలో కోళ్ళ ఫారం ఉంది. వానాకాలం ఈగలు అన్నం తిననివ్వవు. రెండో వానాకాలంలో ఒక రాత్రి వంటింటి గుమ్మంలో పాము కనిపించింది. నేను కేక వేస్తే గోడ అవతలినుంచి విని, పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్తున్న పెద్దయ్య ఒకాయన వచ్చాడు. దాన్ని కట్లపాము అని గుర్తుపట్టి, కర్రతో దూరంగా తోసేసి, నన్ను చూసి నవ్వి, "బిడ్డా, పిల్లలను కింద పండబెట్టకు. మంచం మీద పండబెట్టు, దోమతెర కట్టు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పాము రాత్రిళ్ళు తిరుగుతుందనీ, నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చుననీ నాకు అప్పటికి తెలియదు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం మాని, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి పరుగెత్తాలనీ, విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని ఉండాలనీ ఆ మర్నాడు నేర్చుకున్నాను. మన ఆరడుగుల గోడ పామును ఆపలేదు. ఆ పెద్దయ్యను మాత్రం ఏడాదిపాటు ఆపింది.

ఇంకొక మాట ఆడవాళ్ళ తరఫున చెప్పాలి. పల్లెకు వెళ్దామని కల కనేది చాలా ఇళ్ళల్లో ఇద్దరూ. ఆ కల బరువు మోసేది మాత్రం ఎక్కువగా ఒక్కరే. కరెంటు పోయినప్పుడు మోటారు, బస్సు తప్పినప్పుడు పిల్లవాడు, జ్వరం వచ్చినప్పుడు పదిహేను కిలోమీటర్ల అవతలి డాక్టరు, గ్యాసు అయిపోయినప్పుడు బండ, అన్నీ ఇంట్లో ఉన్న మనిషి వంతు. మావారు పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వచ్చేవారు. పల్లె జీవితం గురించి ఆయన స్నేహితులకు ఎంతో బాగా చెప్పేవారు. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. 2019 చివర్లో ఒక రాత్రి, "మీరు చెప్పే ఊరికి నన్ను ఒకసారి తీసుకెళ్ళండి, చూస్తాను" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు ఇంటినుంచి పనిచేసే ఏర్పాటు చేసుకున్నారు. మీలో ఎవరైనా ఈ ప్రయాణం పెట్టుకుంటే, ఈ లెక్క ముందే తేల్చుకోండి. స్థలం రిజిస్ట్రేషను కంటె ఇది ముఖ్యం.

మా గోడను పగలగొట్టింది మా జ్ఞానోదయం కాదు, కరోనా. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మావాడి బడి ఫోనులోకి వచ్చింది. పదింటికల్లా వాడు ఆ చిన్న తెరముందు కూర్చునేవాడు. గోడ అవతల ఊరి పిల్లలు కుంటలో ఈదుతూ, కందిచేలో దాక్కుంటూ కేకలు వేస్తుండేవాళ్ళు. నెలరోజులు చూసి, ఒకనాడు వాడు ఫోను బల్లమీద పెట్టి, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. చెల్లెలూ వెనకే వెళ్ళింది. చీకటి పడ్డాక మోకాళ్ళు చెక్కుకుపోయి, జేబులనిండా పచ్చికందికాయలతో వచ్చారు. నేను తిట్టడానికి లేచి, వాడి మొహం చూసి ఊరుకున్నాను. ఆ ఏడాది చివరికి మా గేటుకు గొళ్ళెం వేయడం మానేశాం. ఊళ్ళోవాళ్ళు నన్ను 'మేడం' అనడం మానేసి 'అక్కా' అనడం మొదలుపెట్టారు. ఆ ఒక్క మాట మారడానికి రెండేళ్ళకు పైగా పట్టింది.

అక్కడినుంచి అసలు పరీక్ష వచ్చింది, అది బడి. 2022 జూన్‌లో పాప ఒకటో తరగతిలో చేరాలి. ఊళ్ళో సర్కారు ప్రాథమిక పాఠశాల ఉంది. నలభైమంది పిల్లలు, ఇద్దరు పంతుళ్ళు, ఐదు తరగతులు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవైమంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుంటే చాలు. కాగితం మీద అది సరిపోయింది. బడిలో సరిపోదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. ఒకరు సమావేశానికి వెళ్తే రెండోవారు ఐదు తరగతుల్నీ ఒక గదిలో కూర్చోబెట్టాలి. అయినా పాపకు ఆ ఊరి పిల్లలే స్నేహితులు. ఆ బడి మా ఇంటికి నడకదూరం. ఊళ్ళో ఉంటాం గాని ఊరి బడి మాకు పనికిరాదు అనడం, మీ నీళ్ళు తాగుతాం గాని మీ పక్కన కూర్చోం అనడం లాంటిదని నాకనిపించింది.

మావారు ఒప్పుకోలేదు. ఆయన వాదంలో న్యాయముంది: "మన ఆదర్శానికి పిల్ల చదువును పణంగా పెట్టే హక్కు మనకెక్కడిది? ఆ ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళు కూడా తమ పిల్లల్ని ప్రైవేటు బడి బస్సెక్కిస్తున్నారు. వాళ్ళకంటె మనకు ఎక్కువ తెలుసా?" గుంటూరులో ఉన్న మా అమ్మ ఫోనులో ఏడ్చినంత పని చేసింది. ఆ రాత్రులు మా ఇంట్లో మాటలు తక్కువయ్యాయి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక్క ఏడాది చూద్దాం. సాయంత్రాలు నేను ఇంట్లో చెబుతాను. పాపకు చదవడం, రాయడం రాకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను.

నాలుగేళ్ళు కావస్తోంది. లాభనష్టాలు రెండూ నిజాయితీగా చెప్పాలి. నష్టం: ఒక ఏడాది ఒక పంతులుగారు బదిలీ అయి, నెలల తరబడి ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఏడాది పాప బడిలో నేర్చుకున్నది స్వల్పం. 2022-23 నుంచి తెలంగాణలో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చాయి, పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా ఉంటాయి. అయినా నగరం పిల్లల్లా ఇంగ్లీషు మాట్లాడడం దానికి రాదు. లెక్కలు నేనే చెప్పుకోవలసి వచ్చింది. నేను ఇంట్లో ఉండి చెప్పగలిగినందువల్ల అది నిలదొక్కుకుంది. చెప్పేవాళ్ళు లేని ఇంటి పిల్లకు ఆ ఖాళీ ఏడాది ఏం చేసి ఉంటుందో నాకు తెలుసు. ఒకరిద్దరిని కళ్ళారా చూశాను. కనుక "మా పాప బాగానే చదువుతోంది, అంచేత సర్కారు బడి బాగుంది" అనే మాట నేను అనను. అది మోసం.

లాభం: అది తెలుగు ధారాళంగా చదువుతుంది, రాస్తుంది. దానికి రెండు తెలుగులు వచ్చు. ఇంట్లో మొక్కజొన్న, బడిలో మక్కలు. ఇంట్లో ఉల్లిపాయ, కొట్టులో ఉల్లిగడ్డ. మా అమ్మ వచ్చినప్పుడు "ఏడికి పోతున్నవ్ అమ్మమ్మా?" అంటే ఆవిడ మొదట్లో ముఖం చిట్లించేది. ఇప్పుడు తానూ "ఏడికీ పోతలేను" అని వచ్చీరాని యాసలో జవాబిస్తుంది. ఏ ఇంట్లో ఎవరికి జబ్బుగా ఉందో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరి నాన్న అప్పు తీర్చలేక బొంబాయి పోయాడో దానికి తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇవన్నీ తెలియడం మంచిదా అని మావారు ఒకసారి అడిగారు. తెలియకుండా పెరిగిన మనం ఏం బాగుపడ్డాం అని నేను అడిగాను. ఇంకో సంగతి: ఆ ఖాళీ చోటు గురించి మండల విద్యాధికారి దగ్గరికి తల్లులం ఏడుగురం కలిసి నాలుగుసార్లు వెళ్ళాం. నా పిల్ల ఆ బడిలో లేకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు, ఎంత సానుభూతి ఉన్నా. మనం ఊరికి చేయగల మేలు ఏమైనా ఉంటే, అది మన పిల్లల స్వార్థం ఊరి స్వార్థంతో కలిసినప్పుడే జరుగుతుంది.

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఇది సుఖాంతమే. కాని చెప్పవలసినది ఇంకొకటి ఉంది. రాయకుండా దాటవేద్దామనే అనుకున్నాను.

పాపకు బడిలో ప్రాణస్నేహితురాలు ఒక పిల్ల. వాళ్ళ నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి, టమాటా, బీరకాయ పండించేవాడు. 2024లో ఆ పొలం ఆసామి దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్ళు గుంటల్లెక్కన విడగొట్టి, 'ఫామ్ ప్లాట్లు' అని బోర్డు పెట్టి, ముఖద్వారం కట్టారు. నలభై గుంటలు ఒక ఎకరం, 121 చదరపు గజాలు ఒక గుంట. రైతుకు ఎకరం లెక్క, మనకు గజం లెక్క. ఆ రెండు లెక్కల మధ్యనున్న డబ్బులోంచి కౌలుదారుకు పైసా రాదు. ఎందుకంటే అతని పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఆ కుటుంబం ఊరు వదిలి నగరానికి వెళ్ళింది. అతనిప్పుడు ఒక అపార్టుమెంటులో కాపలాదారు. సెల్లారులో ఒక గది ఇచ్చారట. మేము వదిలివచ్చినలాంటి చోటుకే వాళ్ళు వెళ్ళారు. ఆ పిల్ల ఇప్పుడు పరుగెత్తాలంటే ఎవరిని అనుమతి అడుగుతోందో నాకు తెలియదు. పాప నన్నడిగింది, "మనం అక్కడ బాగాలేదని ఇక్కడికి వచ్చాం కదా. మరి వాళ్ళెందుకు అక్కడికి పోయిండ్రు?"

నా దగ్గర జవాబుంది గాని, చెప్పడానికి సిగ్గు పడ్డాను. మా ఇల్లున్న ఈ స్థలమూ ఒకప్పుడు ఎవరో దున్నిన చేనే. దాన్ని ఎవరు కౌలుకు చేసేవారో కొన్నప్పుడు మేము అడగలేదు. మేము మురిసిపోయి వచ్చిన పచ్చదనం తరిగిపోవడంలో మా రాక ఒక మెట్టు. అది మా ఒక్కరితో ఆగలేదు. మమ్మల్ని చూసి ఇంకొకరు వచ్చారు, వాళ్ళను చూసి ధర పెరిగింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు వచ్చాక హైదరాబాదు చుట్టూ ఉన్న ప్రతి ఊరి కథా కొంచెం అటూ ఇటూగా ఇదే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల్ని కాపాడడానికి 1996లో 111 నంబరు ఉత్తర్వు 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్ళెం వేసింది. దాన్ని 2022లో సడలించారు. ఆ ఉత్తర్వు వల్ల తమ భూమికి ధర రాలేదని ఆ ఊళ్ళ రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. అది న్యాయమైన బాధే. ఎండాకాలంలో నీళ్ళు కావలసిన నగరానిదీ న్యాయమే. కాని ఈ వాదంలో కౌలుదారు మాట ఎవరి నోటా వినపడలేదు.

చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల సంగతీ అంతే. ఆ నీడ చూసే మేము ఈ ఊరి మీద మనసు పడ్డాం. ఆ చెట్ల గురించిన వ్యాజ్యం ఒక కారణంగా రోడ్డు విస్తరణ ఏళ్ళ తరబడి ఆగింది. 2025 నవంబరు 3న అదే దారిలో మీర్జాగూడ దగ్గర కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని పందొమ్మిదిమంది చనిపోయారు. తాండూరు వైపునుంచి నగరానికి చదువులకు పోతున్న ఆడపిల్లలు వాళ్ళలో ఉన్నారు. ఆ రోజు మా ఊళ్ళో పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయి. చెట్లు ఉండాలని కాగితం మీద సంతకం చేసినవాళ్ళలో నేనూ ఒకతెను. ఇప్పటికీ ఉండాలనే అంటాను, చెట్లను వదిలి రోడ్డు వేసే మార్గం వెతకాలనే అంటాను. కాని ఆ మాట ఆ ఇళ్ళ ముందు నిలబడి ఎలా అనాలో నేర్చుకోవలసి ఉంది. దృశ్యాన్ని ప్రేమించడం తేలిక. అక్కడ బతికేవాళ్ళ అవసరంతో కలిపి ప్రేమించడమే కష్టం.

మరి వచ్చి తప్పు చేశామా? పిల్లలు అలా అనుకోవడం లేదు. మావాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇంకా ఆ దూరపు బడికే వెళ్తున్నాడు. మధ్యలో బడి మార్చడం వాడికి ఇష్టం లేదు. ఊళ్ళో ఆడుకున్న ఆ రెండేళ్ళ బలంతో నెట్టుకొస్తున్నాడు. పాప వచ్చే ఏడాది ఐదు. ఆ తర్వాత మూడు కిలోమీటర్ల దూరంలోని ఉన్నత పాఠశాలకు ఊరి ఆడపిల్లలతో కలిసి సైకిలు మీద వెళ్తానంటోంది. మావారు, నేను ఇంకా ఒక మాటకు రాలేదు. ఆ చర్చ ఈ వేసవికి ఉంది.

కనుక ఆ అరుగు మీద అడిగినావిడకు నేను చెప్పదలచుకున్నది ఇది. రండి, కాని స్థలం కొనకండి, ఇప్పుడే కొనకండి. ఊరి మధ్యలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకోండి. నగరానికి వలస పోయినవాళ్ళ ఇళ్ళు తాళాలు వేసి ఎన్నో ఉన్నాయి. అద్దె వస్తే వాళ్ళకూ ఆసరా. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడపండి. పత్తికి మందు కొట్టే వారం రోజులు గడపండి. ఇద్దరిలో ఎవరు ఇంట్లో ఉంటారో, ఆ మనిషి పని ఎవరు పంచుకుంటారో ముందే మాట్లాడుకోండి. పాముకాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కోండి. బడి గేటు దగ్గర పది సాయంత్రాలు నిలబడి, ఆ తల్లులతో మాట్లాడండి. మీ పిల్లల్ని అందులో చేర్చినా, చేర్చకపోయినా ఆ బడి మీదేనని అనుకోండి. వారం అంగడిలో కూరగాయలు కొనండి. ఏడాది తిరిగేసరికి మీ పిల్లలు 'వాళ్ళ' అంటున్నారో, 'మన' అంటున్నారో చెవి పెట్టి వినండి. 'మన' అంటే ఉండిపోండి. అప్పుడు స్థలం కొనాలనుకుంటే, దాన్ని ఎవరు దున్నుతున్నారో ముందు అడగండి.

నిన్న ఫోను చేసి ఇంచుమించు ఈ మాటలే చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. భయపెట్టానేమో అనుకున్నాను. తర్వాత అడిగింది, "ఆ అద్దె ఇల్లు, మీ ఊళ్ళో ఏదైనా ఉందాండీ?"

పాప స్నేహితురాలి ఇంటికి రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. రెండు గదులు, ముందు అరుగు, వెనక వేపచెట్టు. ఈ ఆదివారం నగరానికి వెళ్ళి, వాళ్ళనే అడిగి వస్తానని చెప్పాను. పాప తానూ వస్తానంది.